షహాదా చెప్పిన మరునాటి నుంచి: కొత్తగా ఇస్లాం స్వీకరించినవారికి మసీదువారు తోడుగా నిలవడం ఎలా?

జుమా నమాజు ముగిశాక ఒకరు ఇమాం సాహెబు ఎదుట కూర్చుని షహాదా (ఇస్లాంలోకి ప్రవేశించే సాక్ష్య వాక్యం) చెబుతారు. జమాత్ (మసీదులో చేరినవారు) అంతా లేచి ఆలింగనం చేసుకుంటుంది, ఎవరో ఖర్జూరాలు పంచుతారు, నలుగురైదుగురు ఫోను నంబర్లు ఇస్తారు. నెల తిరిగేసరికి అదే మనిషి చివరి వరుసలో ఒంటరిగా నిలబడి, పక్కవారు ఎప్పుడు రుకూలోకి (నమాజులో నడుము వంచే భంగిమలోకి) వంగుతారో ఓరకంట చూసి తాను వంగుతూ ఉంటాడు. మరో రెండు నెలలకు ఆ వరుసలో కూడా కనిపించడు. "మా మసీదులో ఒకరు ఇస్లాం స్వీకరించారు, ఇప్పుడు మేము ఏం చేయాలి?" అని కోస్తా పట్టణాల నుంచీ తెలంగాణ పల్లెల నుంచీ పదేపదే అడుగుతున్నారు కనుక, ఈ పనిలో కొన్నేళ్లుగా ఉన్నవాడిగా, నేను చేసిన పొరపాట్లతో సహా తెలిసినదంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇది మసీదు కమిటీలకు, ఇమాములకు, కొత్తవారిని వెంటబెట్టుకుని మసీదుకు వచ్చే స్నేహితులకు ఉద్దేశించినది.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

తెలుగు బాగా మాట్లాడే ఒక పురుషుడు, ఒక స్త్రీ తోడుగా ఉండడానికి ఒప్పుకుని ఉండాలి. మసీదులో ఖుర్‌ఆన్ తెలుగు అనువాదం, తెలుగు లిపిలో నమాజు నేర్పే చిన్న పుస్తకం, దానితోపాటు నిదానంగా చదివిన ఆడియో ఉండాలి. ఫోను చేస్తే పలికే న్యాయవాది ఒకరు తెలిసి ఉండాలి. బైతుల్మాల్‌లో (మసీదు సహాయనిధిలో) అత్యవసరానికి కొంత డబ్బు, దానికి సరైన లెక్క ఉండాలి. ఉర్దూ రానివారికి ఇస్లాం అందదనే భావన మన పట్టణాలలో ఇంకా ఉన్నది. చిలుకూరి నారాయణరావు ఖుర్‌ఆన్‌ను తెలుగులోకి తెచ్చి దాదాపు ఒక శతాబ్దం గడిచింది, తెలుగే ఇంటిభాషగా గల నూర్ బాషా ముస్లిం కుటుంబాలు తరతరాలుగా మన మధ్యనే ఉన్నాయి. మీ ఊళ్లో అటువంటి కుటుంబం ఉంటే తోడు కోసం మొదట వారినే అడగండి.

1. షహాదాకు ముందు ఏకాంతంగా మాట్లాడండి

జనం మధ్యలో కాకుండా, ఒక గదిలో, తెలుగులో మాట్లాడండి. 18 ఏళ్లు నిండాయా, స్వయంగా ఆలోచించుకుని వచ్చారా, ఎవరైనా డబ్బు, ఉద్యోగం, పెళ్లి ఆశ చూపారా, ఇంటివారికి తెలుసా, పెళ్లి అయి ఉన్నదా అని అడగండి. "ధర్మం విషయంలో బలవంతం లేదు" అన్న ఖుర్‌ఆన్ వాక్యం (2:256) అవతలివారికి చెప్పడానికే కాదు, మనం పాటించడానికి కూడా. మైనరు అయితే తల్లిదండ్రులకు తెలియకుండా ఏ కార్యక్రమమూ చేయకండి.

మనిషి నిశ్చయంతో వచ్చి ఉంటే, ఫాతిహా (ఖుర్‌ఆన్ మొదటి అధ్యాయం) నేర్చుకుని రమ్మనో, పేరు మార్చుకుని రమ్మనో, సున్తీ అయ్యాక రమ్మనో షహాదాను వాయిదా వేయకండి. "అష్‌హదు అన్ లా ఇలాహ ఇల్లల్లాహ్, వ అష్‌హదు అన్న ముహమ్మదర్రసూలుల్లాహ్" అనే మాటలను ముక్కలు ముక్కలుగా చెప్పించి, "అల్లాహ్ తప్ప ఆరాధనకు అర్హుడు మరెవ్వడూ లేడని సాక్ష్యమిస్తున్నాను, ముహమ్మద్ అల్లాహ్ సందేశహరుడని సాక్ష్యమిస్తున్నాను" అని తెలుగులో కూడా పలికించండి. అర్థం తెలియకుండా అరబీ పలకడం సాక్ష్యం అనిపించుకోదు.

హెచ్చరిక: ఫొటోలు, వీడియోలు వద్దు. వాట్సాప్‌లో ఒక్కసారి పెట్టిన వీడియో సాయంత్రానికి ఆ మనిషి తల్లి చేతిలోని ఫోనుకు చేరుతుంది. ఆమెకు ఆ వార్త చెప్పవలసిన రోజును, మాటను ఎంచుకునే హక్కు కొడుకుదో కూతురిదో గానీ మనది కాదు. మా దగ్గర ఒకసారి ఈ జాగ్రత్త తీసుకోలేదు, ఆ ఇంట్లో మాటలు తిరిగి కలవడానికి ఏళ్లు పట్టింది.

మరొక హెచ్చరిక: ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో మతం మారేవారు జిల్లా అధికారికి ముందుగా తెలియజేయాలన్న ప్రత్యేక చట్టం లేదు. కానీ ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, గుజరాత్ వంటి రాష్ట్రాలలో జిల్లా మేజిస్ట్రేటుకు తెలియజేయడం, అనుమతి పొందడం వంటి నిబంధనలు ఉన్నాయి, ఉల్లంఘిస్తే శిక్షలూ ఉన్నాయి. పని కోసం అక్కడ నివసించే తెలుగువారు అడిగితే, స్థానిక న్యాయవాదిని కలవమని ముందే చెప్పండి.

2. ఒక్క తోడును ఏర్పాటు చేయండి

మక్కా నుంచి వలస వచ్చినవారిని మదీనాలో జమాత్ మొత్తానికి అప్పగించి ప్రవక్త ముహమ్మద్ (సఅసం: ఆయనపై అల్లాహ్ కారుణ్యం, శాంతి కలుగుగాక) ఊరుకోలేదు. ఒక్కొక్క ముహాజిర్‌ను (వలస వచ్చినవానిని) ఒక్కొక్క అన్సారీతో (మదీనావాసితో) సోదరులుగా జత చేశారు. అందరి బాధ్యత అయినది ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది కనుక మనం కూడా అదే చేయాలి. పురుషునికి పురుషుడు, స్త్రీకి స్త్రీ తోడుగా ఉండాలి. ఇందులో మినహాయింపు పెట్టుకోకండి.

తోడుగా ఉండేవారికి పాండిత్యం అవసరం లేదు. దగ్గరలో నివసించాలి, ఓపిక ఉండాలి, తెలియనిది తెలియదని చెప్పగలగాలి. వారానికి రెండుసార్లు కలవడం, ఒక్కసారైనా తమ ఇంట్లో భోజనం పెట్టడం, రాత్రి ఫోను వస్తే ఎత్తడం, ఇవే పనులు. స్త్రీల విషయంలో మన మసీదులు చాలా వెనుకబడి ఉన్నాయి. చాలా చోట్ల ఆమెకు నమాజు స్థలమే ఉండదు, కాబట్టి ఒక ఇంటిని, ఒక నిర్ణీత సమయాన్ని ఆమె కోసం ఏర్పాటు చేసి తీరాలి.

సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే పది మంది పది రకాలుగా నేర్పడం. ఒకరు చేతులు నాభి కింద కట్టుకోమంటారు, మరొకరు ఛాతీ మీద అంటారు. ఒకరు ఆమీన్ బిగ్గరగా అనాలంటారు, మరొకరు మెల్లగా అంటారు. కొత్త మనిషికి ఇది ఇస్లాం గురించే అనుమానం కలిగిస్తుంది. మీ మసీదు హనఫీ పద్ధతిదైతే ఆ పద్ధతి, అహ్లె హదీస్‌దైతే ఆ పద్ధతి నేర్పి, "పక్క మసీదులో కొంచెం తేడాగా చేస్తారు, వారిదీ నమాజే" అని ఒక్క వాక్యం జోడించండి. అంతకుమించి జమాతుల తగాదాలలోకి మొదటి సంవత్సరం దించకండి.

3. మొదటి నలభై రోజుల పాఠం

మొదట గుస్ల్ (శుద్ధి స్నానం) చేయించండి. తరువాత వుజూ (నమాజుకు ముందు చేసే శుద్ధి): ముఖం, మోచేతులతో సహా చేతులు, తడిచేత్తో తల తుడవడం, చీలమండలతో సహా పాదాలు, ఈ నాలుగూ ఖుర్‌ఆన్ చెప్పినవి (5:6). నోరు, ముక్కు శుభ్రం చేసుకోవడం వంటివి వీటితోపాటే చూపించండి. కొత్తవారు తరచుగా పొడిగా వదిలేసేవి మోచేతి వెనుక భాగం, మడమ. వుజూ అయ్యాక ఆ రెండు చోట్ల తడి ఉన్నదో లేదో చూసుకోమనండి, ఇదే సులభమైన పరీక్ష.

నమాజులో ఫర్జ్ (తప్పనిసరి) రకాతులు (నిలబడడం నుంచి సజ్దా వరకు ఒక్కో ఆవృత్తి) ఫజ్ర్‌కు 2, జొహర్‌కు 4, అసర్‌కు 4, మగ్రిబ్‌కు 3, ఇషాకు 4, మొత్తం 17. సున్నతులు, నఫిల్‌లు, విత్ర్ వంటి మిగతా నమాజులన్నీ మొదటి రోజే పట్టికగా రాసి చేతికిస్తే మనిషి భయపడిపోతాడు. ముందు ఫర్జ్‌లు నిలదొక్కుకోనివ్వండి. ఫాతిహాలో 7 ఆయతులు (వాక్యాలు) ఉన్నాయి. రోజుకు ఒకటి చొప్పున నేర్పితే ఒక వారం, తడబాట్లు సరిదిద్దడానికి మరొక వారం చాలు. అంతవరకు నమాజు ఆపనవసరం లేదు: ఖుర్‌ఆన్ ఏమీ కంఠస్థం చేయలేకపోతున్నానన్న వ్యక్తికి ప్రవక్త సుబ్‌హానల్లాహ్, అల్‌హమ్దులిల్లాహ్, లా ఇలాహ ఇల్లల్లాహ్, అల్లాహు అక్బర్ అనే మాటలు నేర్పినట్లు హదీసులో (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనంలో) ఉన్నది. జమాత్‌లో ఇమాం వెనుక నిలబడితే పని మరింత తేలిక అవుతుంది.

తెలుగు లిపి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. మన లిపి మొదటి వారానికి ఊతకర్ర వంటిది, కానీ అరబీలోని శబ్దాలన్నీ అందులో లేవు. "ఖుల్ హువల్లాహు అహద్" అన్నప్పుడు మొదటి అక్షరం గొంతు లోపలి నుంచి వచ్చే ఖాఫ్. దానిని మామూలు కకారంగా పలికితే "చెప్పు" అన్న మాట "తిను" అవుతుంది. అల్‌హమ్దులోని హా కూడా మనం రోజూ పలికే హకారం కాదు. మాటల చివర ఉకారం చేర్చడం మన నాలుకకు అలవాటు కనుక "రహ్మాను", "రహీము" అని జారిపోతుంది. పుస్తకం చూసి కాకుండా ఆడియో విని నేర్చుకోమనండి. ఆరు నెలల్లో అరబీ అక్షరాలు మొదలుపెట్టించండి. ఉచ్చారణ ఇంకా కుదరకపోయినా నమాజు మానవద్దని అదే నోటితో చెప్పండి.

తప్పు చేసినప్పుడు ఎలా దిద్దాలి? ప్రవక్త సహచరుడు ముఆవియా బిన్ హకమ్ సులమీ (రజి: అల్లాహ్ ఆయన పట్ల ప్రసన్నుడగుగాక) కొత్తగా ముస్లిం అయిన రోజుల్లో, నమాజు మధ్యలో తుమ్మినవానికి పైకే బదులు పలికారు. నమాజు అయ్యాక ప్రవక్త తనను కసరలేదని, కొట్టలేదని, తిట్టలేదని, నమాజులో మనుషుల మాటలు తగవని మాత్రమే నేర్పారని ఆయనే చెప్పుకున్నారు. ముందు వరుసలో నుంచి వెనక్కి తిరిగి కళ్లెర్రజేసే పెద్దలు ఈ హదీసును మసీదు గోడ మీద రాయించుకుంటే బాగుంటుంది.

సున్తీ గురించి మొదటి రోజే అడగకండి. అది ఆయనకూ డాక్టరుకూ మధ్య, తీరిగ్గా, ఆసుపత్రిలో జరగవలసిన విషయం.

ఎలా సరిచూసుకోవాలి: నలభై రోజుల తరువాత ఎవరి సాయమూ లేకుండా వుజూ చేసి రెండు రకాతులు చదవగలిగితే, ఫాతిహా అర్థం సొంత తెలుగులో చెప్పగలిగితే పాఠం సరిగ్గా సాగినట్లే. అలా కాకపోతే నేర్పిన పద్ధతిని మార్చండి, మనిషిని నిందించకండి.

4. పుట్టింటిని తెగనివ్వకండి

ఎక్కువ మంది అలసిపోయేది నమాజు దగ్గర కాదు, ఇంటి దగ్గర. అందుకని ఈ భాగాన్ని నిదానంగా చదవండి.

తల్లిదండ్రులు ఇతర దైవాలను కల్పించమని ఒత్తిడి చేసినా ఆ మాట వినవద్దని, కానీ లోకవ్యవహారంలో వారితో మంచిగానే ఉండాలని ఖుర్‌ఆన్ చెబుతున్నది (31:15). ప్రవక్త సహచరురాలు అస్మా బిన్త్ అబూబక్ర్ (రజి) వద్దకు ముస్లిం కాని తల్లి వచ్చినప్పుడు, ఆమెతో బంధుత్వం నిలుపుకోమనే ప్రవక్త చెప్పారు. కాబట్టి "ఇల్లు వదిలి వచ్చెయ్" అని ఎవరూ సలహా ఇవ్వరాదు. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రమే వేరే చోటు చూడాలి, అప్పుడు కూడా న్యాయవాదికి తెలియజేసి.

ఇంట్లో చెప్పడానికి తొందర లేదు. నోటితో చెప్పడానికి ముందు నడవడి చెప్పనివ్వండి: ఇంటికి డబ్బు పంపడం ఆగకూడదు, నాన్నను ఆసుపత్రికి తీసుకువెళ్లడం ఆగకూడదు, అమ్మ చేసిన పప్పూ కూరా తినడం ఆగకూడదు. ప్రసాదం, బలి ఇచ్చిన మాంసం తీసుకోలేని పరిస్థితిని "ఇది నేను తినను అమ్మా, అన్నం పెట్టు" అని మెత్తగా చెప్పుకోవచ్చు. పళ్లెం తోసెయ్యడానికి ఏ ధర్మమూ అనుమతించదు. సంక్రాంతికి ఊరు వెళ్లవచ్చా అని అందరూ అడుగుతారు. పూజలో పాల్గొనకుండా, తల్లిదండ్రులను, తోబుట్టువులను చూడడానికి వెళ్లడం వేరే విషయమని చెప్పండి, సందేహం ఉన్నచోట తెలిసిన ఆలిమ్‌ను (మత పండితుణ్ణి) అడగమనండి.

అన్నిటికంటే కష్టమైనది ఇంట్లో మరణం. పెద్దకొడుకే తలకొరివి పెట్టాలని బంధువులంతా ఎదురుచూస్తున్న సమయంలో "నేను చేయలేను" అనడం ఆ కుటుంబానికి రెండో చావు వంటిది. తమ్ముడో, పినతండ్రి కొడుకో ఆ కార్యం చేసేలా ముందుగానే, అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే మాట్లాడి ఉంచుకోవాలి. ఖర్చు భరించడం, వచ్చినవారిని చూసుకోవడం, తల్లి పక్కన కూర్చోవడం ఆయన తప్పక చేయవలసిన పనులు. ఆ రోజు తోడుగా ఉన్నవారు కూడా వెళ్లి పెరట్లో కుర్చీలు సర్దాలి.

ఇంటివారి భయం చాలాసార్లు ఒక్కటే: మా బిడ్డ ఇక మాకు దక్కదేమో అని. పది మంది టోపీలు పెట్టుకుని గుంపుగా వెళితే ఆ భయం నిజమైనట్లు కనిపిస్తుంది. కొన్ని నెలల తరువాత, ఆయన సరేనంటే, తోడుగా ఉన్న ఒక్కరే భార్యతో కలిసి పండ్లు తీసుకుని వెళ్లి, మతం మాట ఎత్తకుండా టీ తాగి రావాలి.

5. పేరు, కాగితాలు, రిజర్వేషను

పేరు మార్చుకోవడం షరతు కాదు. ప్రవక్త సహచరులు ఉమర్, ఖాలిద్ ఇస్లాంకు ముందు పెట్టుకున్న పేర్లతోనే పిలవబడ్డారు. చెడు అర్థం, ఇతర దైవాలకు దాస్యం సూచించే పేర్లనే ప్రధానంగా ప్రవక్త మార్చారు. తండ్రి పేరు, ఇంటిపేరు తీసివేయమని అసలే చెప్పకండి. అధికారికంగా మార్చుకోవాలనుకుంటే నోటరీ అఫిడవిట్, రెండు దినపత్రికలలో ప్రకటన, రాష్ట్ర గెజిట్, ఆ తరువాత ఆధార్, పాన్, బ్యాంకు, ఆ వరుస పాటించాలి. ముందు ఆధార్ ఒక్కటే మార్చేసి, పదో తరగతి సర్టిఫికెట్‌తో పేరు కలవక పాస్‌పోర్టు దగ్గర ఆగిపోవడం చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది. ఆధార్‌లో పేరు మార్పుకు రెండు అవకాశాలే ఉంటాయన్నది గుర్తుంచుకోవాలి.

ఈ తరువాతి మాట షహాదాకు ముందే, దాచకుండా చెప్పవలసినది. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే వర్తిస్తుంది. ఇస్లాం స్వీకరించినవారికి ఆ హోదా ఉండదు. ఎస్టీ హోదాకు మతంతో ముడి లేదు. బీసీ-ఇ జాబితా అందులో పేర్కొన్న ముస్లిం వర్గాలకే కనుక, మతం మారగానే అది దానంతటదే రాదు. చదువు, ఉద్యోగం, ఎన్నికలలో పోటీ ఈ హోదా మీద ఆధారపడినవారు న్యాయవాదితో మాట్లాడాకే కాగితాలు ముట్టుకోవాలి. ఎస్సీ సర్టిఫికెట్ వాడుకుంటూ విషయం దాచిపెట్టమని సలహా ఇచ్చేవారు ఆ మనిషిని కేసులోకి నెడుతున్నారు. అబద్ధం మీద కొత్త జీవితం మొదలుపెట్టించడం కూడా అవుతుంది.

6. పెళ్లి, ఆస్తి

ఇదివరకే హిందూ వివాహం అయి ఉంటే, భర్త ముస్లిం అయినంత మాత్రాన ఆ వివాహం రద్దు కాదు. మొదటి భార్య ఉండగా మతం మారి రెండో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదని, ద్విభార్యత్వ నేరం అవుతుందని సుప్రీంకోర్టు 1995లో సరళా ముద్గల్ కేసులో తేల్చింది. ఇటువంటి ఉద్దేశంతో వచ్చేవారికి నికాహ్ చదివించే ఖాజీ కూడా చిక్కుల్లో పడతాడు. మతం మారడాన్ని కారణంగా చూపి విడాకులు కోరే హక్కు 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం రెండో భాగస్వామికి ఉన్నది. ఇద్దరిలో ఎవరూ మతం మారకుండా పెళ్లి చేసుకోదలిస్తే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉన్నది, దానికి 30 రోజుల నోటీసు కావాలి. పెళ్లి కోసమే షహాదా చెబుతామని వచ్చేవారికి నేను ఈ దారినే ముందు చూపిస్తాను, షరతులను ఆలిమ్ దగ్గర తెలుసుకోమంటాను.

కొత్తగా వచ్చిన యువతికి నెల తిరగకుండా సంబంధం చూసేయడం మరొక పొరపాటు. ఆమెకు ముస్లిం వలీ (పెళ్లిలో ఆమె తరఫున నిలిచే సంరక్షకుడు) లేరు కనుక ఖాజీ లేదా ఇమాం ఆ స్థానంలో నిలుస్తారు, అంటే వరుని గురించి సొంత కూతురికి విచారించినట్లే విచారించాలి. మెహర్ (వరుడు వధువుకు ఇవ్వవలసిన సొమ్ము) ఆమె చేతికే అందాలి.

ఆస్తి విషయంలో, మతం మారినందువల్ల మాత్రమే తల్లిదండ్రుల ఆస్తిలో వాటా పోదు. అయితే మతం మారిన తరువాత పుట్టిన పిల్లలకు హిందూ బంధువుల ఆస్తిలో వారసత్వం ఉండదని 1956 హిందూ వారసత్వ చట్టంలోని 26వ సెక్షను చెబుతున్నది.

7. డబ్బు సాయం

ఖుర్‌ఆన్ చెప్పిన జకాత్ (తప్పనిసరి దానం) అర్హుల 8 వర్గాలలో పేదలతోపాటు అప్పులలో ఉన్నవారు, హృదయాలు దగ్గర చేయవలసినవారు ఉన్నారు (9:60). కనుక అవసరమున్నవారికి ఇవ్వవచ్చు. కానీ షహాదాకు ముందు గానీ, ఆ రోజున గానీ డబ్బు చేతులు మారకూడదు. ఇచ్చినది పుస్తకంలో రాయాలి, ఇచ్చిన సంగతి ఎక్కడా చెప్పకూడదు.

ఒక చిట్టీ రాసిచ్చి "ఈయన నౌ ముస్లిం (కొత్త ముస్లిం), సాయం చేయండి" అని జుమా తరువాత మసీదు మసీదుకూ తిప్పడం నేను చూసిన వాటిలో అత్యంత బాధాకరమైనది. మదీనాలో సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానంటే, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) దీవించి, బజారుకు దారి చూపమన్నారు. మీరు కూడా బజారుకు దారి చూపండి: ఏసీ మరమ్మతు, కుట్టుపని, డ్రైవింగ్, దుకాణంలో లెక్కలు, ఆయనకు వచ్చిన పని ఏదైనా సరే. పదేళ్ల తరువాత కూడా ఆయనను "నౌ ముస్లిం" అని పిలవడం మానుకోండి.

8. మొదటి రంజాన్, మొదటి పండుగ

రంజాన్ మధ్యలో ముస్లిం అయితే ఆ రోజు నుంచే రోజాలు ఉంటారు, గడిచినవి తిరిగి ఉండనవసరం లేదు. ఇంట్లో ఒక్కరే సహ్రీకి (తెల్లవారుజామున ఉపవాసానికి ముందు తినే భోజనానికి) లేచేవారికి ముందురోజు రాత్రే ఖర్జూరం, రొట్టె, అరటిపండు చేరేలా చూడండి. ఇఫ్తార్‌కు అందరూ పిలుస్తారు. పండుగ రోజున మాత్రం ఈద్గా నుంచి అందరూ తమ తమ ఇళ్లకు వెళ్లిపోతే ఆయన గదికి తిరిగి వెళ్లి తాళం తీసుకుంటాడు. ఎవరి ఇంటికి వెళ్లాలో చాంద్‌రాత్‌కు (పండుగ ముందు రాత్రికి) ముందే తేల్చండి.

ఉత్సాహంలో రాత్రంతా నఫిల్‌లు, ప్రతిరోజూ రోజాలు మొదలుపెట్టేవారిని కూడా కనిపెట్టి ఉండాలి. అబూ దర్దా (రజి) అలా చేస్తుంటే, ఆయనకు సోదరునిగా జత చేయబడిన సల్మాన్ (రజి) ఆపి, నీ ప్రభువుకు నీ మీద హక్కు ఉన్నది, నీ ప్రాణానికి, నీ ఇంటివారికి కూడా హక్కు ఉన్నదని చెప్పారు. ప్రవక్త ఆ మాటను సమర్థించారు.

9. మూడు నెలలకు, సంవత్సరానికి పరిశీలన

మసీదుకు ఎన్నిసార్లు వచ్చారన్నది లెక్కపెట్టకండి. వీటిని గమనించండి: రాత్రి జ్వరం వస్తే ఫోను చేయడానికి ఆయనకు ఒక్కరైనా ఉన్నారా? అమ్మతో చివరిసారి ఎప్పుడు మాట్లాడారు? మీరు చెప్పినదానికి "నాకు అర్థం కాలేదు" అనగలుగుతున్నారా? మసీదులో ఆయన పేరు ఎంతమందికి తెలుసు? ఈ ప్రశ్నలలో రెండింటికి జవాబు లేకపోతే తోడును మార్చండి.

రావడం మానేస్తే ఒక్కరే వెళ్లి, ఉపన్యాసం లేకుండా, బాగోగులు అడిగి రండి. తాను తిరిగి వెళ్లిపోదలిచానని చెప్పినా బెదిరించడం, వెంటపడడం, ఇచ్చిన సాయాన్ని గుర్తుచేయడం చేయకూడదు. తలుపు తెరిచే ఉంటుందని చెప్పి రావాలి.

10. ఒక కాగితం

సంవత్సరం నిండేలోగా ఆయన చేతిరాతతో ఒక కాగితం రాయించండి: తాను మరణిస్తే ఖననం జరగాలని, ఏ మసీదువారికి, ఎవరికి ఫోను చేయాలని, ఇద్దరు సాక్షుల సంతకాలతో. దాని నకలు ఒకటి మసీదులో, ఒకటి తోడు దగ్గర, ఒకటి ఇంట్లో అన్నయ్యకో చెల్లెలికో ఇచ్చి వివరంగా చెప్పి ఉంచాలి. శవం ముందు రెండు వర్గాలు వాదించుకునే రోజు రాకుండా ఉండాలంటే ఈ పని బతికి ఉండగానే, ఆరోగ్యంగా ఉండగానే జరగాలి. ఆ కాగితంలో ఒక వాక్యం తప్పక చేర్పించండి: ఖననానికి ముందు తన తల్లిదండ్రులు, తోబుట్టువులు ముఖం చూసుకునేంత సమయం ఇవ్వాలని.